పాల కవరు ఎటు పోతే మేలు?

పొద్దున్నే పాల ప్యాకెట్ మూల కత్తిరించి గిన్నెలో పోసుకుంటాం. చేతిలో మిగిలిన కవరు బరువు రెండున్నర గ్రాములో, మూడు గ్రాములో ఉంటుంది. చెత్తబుట్టలో పడ్డాక అది ఎటు పోతుంది? దారులు చాలానే ఉన్నాయి. పాత సామాన్ల దుకాణం మీదుగా ప్లాస్టిక్ కరిగించే యూనిట్‌కు చేరవచ్చు. సిమెంటు కొలిమిలో బొగ్గుకు తోడుగా మండవచ్చు. చెత్తతో కరెంటు తీసే ప్లాంటులో కాలవచ్చు. తారుతో కలిసి రోడ్డు కావచ్చు. నూనెగా మారవచ్చు. ఇవేవీ కాకపోతే డంపింగ్ యార్డులో ఏళ్ళ తరబడి పడి ఉండవచ్చు.

చివరిది తప్ప మిగతావన్నీ వాడుకలో ‘రీసైక్లింగ్’ అనే ఒకే మాట కిందికి వచ్చేస్తున్నాయి. పర్యావరణం లెక్కలో మాత్రం అవి ఒకటి కావు. కొన్ని నిజంగా మేలు చేస్తాయి. కొన్ని చెత్తను కంటికి కనపడకుండా చేస్తాయి, అంతే. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పాల కవరునే పట్టుకుని ఆ లెక్క చేసి చూద్దాం.

ఇప్పుడే ఎందుకంటే, ఈ లెక్కతో పని పడే రోజులు వచ్చాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాలు సుమారు 41 లక్షల టన్నులు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ‘విస్తరించిన ఉత్పత్తిదారు బాధ్యత’ (సరుకు అమ్ముడయ్యాక మిగిలే చెత్తకు కూడా తయారీదారే జవాబుదారీ కావడం) మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను మార్కెట్లోకి వదిలే కంపెనీలు దానికి తగినంత వ్యర్థాన్ని తిరిగి సేకరించి, ఒక దారి చూపించాలి. 2025-26 నుంచి ప్యాకింగ్‌లో కొంత శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ వాడాలన్న షరతు కూడా వాటిలో ఉంది. అందుకే ‘మేం వాడినంత ప్లాస్టిక్‌ను రీసైకిల్ చేస్తున్నాం’ అనే ప్రకటనలు పెరిగాయి. ఆ కవరు మళ్ళీ ప్లాస్టిక్ అయిందా, ఎక్కడైనా కాలిపోయిందా అన్నది ప్రకటనలో ఉండదు.

ఏ దారి మేలో తూకం వేసే ఈ పద్ధతిని జీవితచక్ర మదింపు (ఒక వస్తువు ముడిసరుకు దశ నుంచి చివరి మజిలీ దాకా పర్యావరణంపై మోపే భారాన్ని కొలవడం) అంటారు. 1969లో అమెరికాలో కోకాకోలా కంపెనీ తన పానీయాన్ని ఏ రకం సీసాల్లో, డబ్బాల్లో నింపితే ఎంత ముడిసరుకు, ఎంత ఇంధనం ఖర్చవుతాయో లెక్క తీయించింది. ఈ పద్ధతికి అదే తొలి రూపమని చెబుతారు. ఇప్పుడు దీనికి ఐఎస్ఓ 14040 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది.

ఇందులో కిటుకంతా ఒక్క చోట ఉంది. ఇంట్లో పాత చీరలతో బొంత కుట్టారనుకోండి. దానివల్ల కొత్త దుప్పటి కొనడం మానేస్తే ఆ దుప్పటి ఖర్చు మిగిలినట్టు. బొంతా కుట్టి, దుప్పటీ కొంటే మిగిలిందేమీ లేదు. పైగా కుట్టడానికి పట్టిన దారం అదనపు ఖర్చు. ప్లాస్టిక్ విషయంలోనూ అంతే. ఒక దారిలో పంపినప్పుడు ఏం ఖర్చయింది, ఏం వెలువడింది అన్నది లెక్కలో సగమే. అది దేని స్థానంలో వచ్చింది, దేన్ని తప్పించింది అన్నది మిగతా సగం. మదింపు నివేదికలు ఒకదానితో ఒకటి విభేదించేది చాలావరకు ఈ రెండో సగంలోనే.

ఒక టన్ను వాడేసిన పాల కవర్లు తీసుకుందాం. అంటే మూడున్నర లక్షల కవర్లు, కాస్త అటూ ఇటూగా. ఇవి పాలిథీన్‌తో తయారవుతాయి. దీని బరువులో దాదాపు 86 శాతం కర్బనమే. అందుకే టన్ను పాలిథీన్ పూర్తిగా కాలితే 3.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ముడి చమురు, సహజవాయువు నుంచి కొత్తగా ఒక టన్ను పాలిథీన్ తయారు చేస్తే సుమారు 2 టన్నులు వెలువడుతుంది. కింద వచ్చే అంకెలు కూడా ఇలాంటి ఉజ్జాయింపులే. ఊరిని బట్టి, యంత్రాన్ని బట్టి మారతాయి. వాటి మధ్య వరసను చూడండి.

మొదటి దారి, కరిగించి మళ్ళీ ప్లాస్టిక్ చేయడం. హైదరాబాద్‌లో కాటేదాన్ లాంటి పారిశ్రామికవాడల్లో ఈ పని చేసే చిన్న యూనిట్లున్నాయి. కవర్లను రంగు వారీగా, రకం వారీగా ఏరతారు. ముక్కలు చేసి కడుగుతారు. ఆరబెట్టి ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్‌ను వేడితో ముద్ద చేసి సన్నని రంధ్రాల గుండా నెట్టే యంత్రం)లో వేస్తారు. సేమ్యాలా బయటికి వచ్చిన తీగలను నీళ్ళలో చల్లార్చి గింజలుగా కత్తిరిస్తారు. ఈ వ్యాపారంలో ఆ గింజల పేరు దానా.

దీనికి కరెంటు కావాలి. టన్నుకు 700 యూనిట్లు అనుకుందాం. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి ఒక్కో యూనిట్ వెనక సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే అర టన్ను ఖర్చు. కడగడంలో, ఏరివేతలో ఐదో వంతు సరుకు పోయిందనుకుంటే 800 కిలోల దానా మిగులుతుంది. అది 800 కిలోల కొత్త పాలిథీన్ అవసరాన్ని తప్పిస్తే 1.6 టన్నుల ఆదా. ఖర్చు తీసేస్తే నికరంగా టన్ను పైచిలుకు మేలు.

లారీ డీజిల్ సంగతేమిటని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. లారీలో ఒక టన్ను సరుకు ఒక కిలోమీటరు పోతే సుమారు 100 గ్రాములు వెలువడుతుంది. మూడు వందల కిలోమీటర్లు పోయినా 30 కిలోలే. టన్నుల లెక్కలో ఇది చిల్లర. బేళ్ళుగా నొక్కకుండా గాలితో నిండిన కవర్లనే లారీలో నింపితే మాత్రం ఈ అంకె కొన్ని రెట్లు పెరుగుతుంది. అప్పుడు కూడా తీర్పు తారుమారు కాదు.

తీర్పును తారుమారు చేసేది వేరే ఉంది. అది కవరు శుభ్రత. పాలు విరిగి, కూర రసం అంటుకుని, మట్టితో కలిసి వచ్చిన కవర్లను కడగడానికి నీళ్ళు, కరెంటు ఎక్కువ పడతాయి. అయినా దానాలో మురికి మిగిలిపోతుంది. అచ్చు రంగులు కూడా కలిసి అది నల్లగానో, బూడిదరంగులోనో వస్తుంది. అలాంటి దానాతో మళ్ళీ పాల కవరు చేయరు. చెత్త సంచులు, నల్ల పైపులు చేస్తారు. అది నిజంగా కొత్త ప్లాస్టిక్ స్థానంలో ఎంత వచ్చినట్టు? సగమే అనుకుంటే ఆదా 1.6 టన్నుల నుంచి 0.8 టన్నులకు పడిపోతుంది. నికర మేలు సుమారు 300 కిలోలే. యంత్రం అదే, కార్మికులు వాళ్ళే, దారి అదే. కవరు శుభ్రంగా వచ్చిందా లేదా అన్న ఒక్క తేడా మేలును మూడో వంతుకు తగ్గించేసింది.

ఇక సిమెంటు కొలిమి. నల్గొండ, సూర్యాపేట, పల్నాడు, కడప జిల్లాల్లో సున్నపురాయి ఉన్న చోటల్లా సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి తెలుగు రాష్ట్రాలకు ఇది దగ్గరి దారే. కొలిమిలో సరుకు 1,450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మంట దానికన్నా వేడిగా ఉంటుంది. ఆ వేడిలో ప్లాస్టిక్ పూర్తిగా కాలుతుంది. మిగిలిన బూడిద క్లింకర్‌ (సిమెంటుకు మూలమైన, కాల్చిన గడ్డలు)లో కలిసిపోతుంది. విడిగా పారబోయాల్సింది ఏమీ ఉండదు. దీన్ని సహదహనం అంటారు.

ఒక టన్ను పాలిథీన్ ఇచ్చే వేడి మన దేశపు బొగ్గు రెండున్నర టన్నులు ఇచ్చే వేడికి దగ్గరగా ఉంటుంది. అంత బొగ్గు కాలితే సుమారు 4 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వచ్చేది. ప్లాస్టిక్ వల్ల 3.1 టన్నులు వచ్చింది. అంటే ఇక్కడ కూడా దాదాపు 900 కిలోల మేలు. శుభ్రమైన కవర్ల రీసైక్లింగ్‌కు కాస్త తక్కువ, మురికి కవర్ల రీసైక్లింగ్‌కు చాలా ఎక్కువ!

ఈ అంకె చూసి, మరి అంతా కొలిమికే పంపేస్తే పోదా అనిపిస్తుంది. ఇక్కడే రెండో ప్రశ్న వేసుకోవాలి. లెక్కను ఎక్కడిదాకా గీశాం? కవరును ఈ రోజే కొలిమిలో వేస్తే కథ అక్కడితో ముగిసింది. అదే కవరును దానా చేసి పైపు చేస్తే, ఆ పైపు కొన్నేళ్ళు పని చేశాక పాడవుతుంది. అప్పుడు దాన్ని కొలిమిలో వేయవచ్చు. దానిలోని వేడి ఎక్కడికీ పోలేదు. అంటే రీసైక్లింగ్ ముందు చేస్తే రెండు మేళ్ళూ దక్కుతాయి. కొలిమి ముందు వస్తే ఒక్కటే. ప్లాస్టిక్ కరిగిన ప్రతిసారీ దాని గొలుసు అణువులు కొంత తెగి బలం తగ్గుతుంది. ఎప్పటికీ తిప్పుతూ ఉండలేం. కానీ మొదటి వాడకానికీ, చివరి మంటకూ మధ్య ఒకటి రెండు జన్మలు ఇవ్వగలం. 2022 మార్గదర్శకాలు కూడా ఇదే వరస చెప్పాయి. రీసైకిల్ చేయలేని ప్లాస్టిక్‌నే రోడ్లకు, కరెంటుకు, నూనెకు, సిమెంటు కొలిమికి పంపాలి. నా దృష్టిలో ఆ పత్రంలో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇదే.

ఆచరణ దీనికి చాలా దూరంలో ఉంది. 2017లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం 2015 వరకు ప్రపంచంలో పోగైన 630 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వ్యర్థంలో 9 శాతమే రీసైకిల్ అయింది. అందులోనూ ఒకటికన్నా ఎక్కువసార్లు రీసైకిల్ అయినది పదో వంతే.

చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంట్ల లెక్క వేరుగా ఉంటుంది. హైదరాబాద్ జవహర్‌నగర్‌లోనూ, విశాఖ కాపులుప్పాడలోనూ ఇలాంటివి ఉన్నాయి. వీటిలో చెత్త వేడిలో సుమారు ఐదో వంతు కరెంటుగా మారుతుందనుకుందాం. టన్ను పాలిథీన్‌కు 2,400 యూనిట్లు వస్తాయి. అవి గ్రిడ్‌లో మామూలు కరెంటును తప్పిస్తే 1.7 టన్నుల ఆదా. కానీ కాల్చినప్పుడు వెలువడింది 3.1 టన్నులు. అంటే 1.4 టన్నులు నష్టమే. పైగా సౌర, పవన విద్యుత్తు పెరిగే కొద్దీ గ్రిడ్ శుభ్రపడుతుంది. తప్పించామని చెప్పుకునే 1.7 టన్నులు ఏటికేడు తగ్గుతాయి. కాల్చిన 3.1 టన్నులు తగ్గవు. ఇరవై పాతికేళ్ళు నడవాల్సిన ప్లాంటు విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

ఇక్కడొక న్యాయమైన మాట చెప్పాలి. ఈ ప్లాంట్లకు వెళ్ళేది ప్లాస్టిక్ ఒక్కటే కాదు. తడి చెత్త కూడా వెళుతుంది. అది డంపింగ్ యార్డులో కుళ్ళితే మీథేన్ వస్తుంది. ఆ మీథేన్‌ను ఆపినందుకు ప్లాంటుకు కొంత పుణ్యం దక్కాలి. కానీ ఆ పుణ్యం అన్నం మెతుకులది, కూరగాయల తొక్కలది. ప్లాస్టిక్‌ది కాదు. తడి చెత్తను విడిగా ఎరువు చేసినా, బయోగ్యాస్ తీసినా అదే మీథేన్ ఆగుతుంది.

డంపింగ్ యార్డులో పడి ఉన్న కవరు సంగతి చూస్తే మరో వింత. ప్లాస్టిక్ కుళ్ళదు. కనుక దాని నుంచి కార్బన్ డయాక్సైడ్ దాదాపు రాదు. కార్బన్ లెక్క ఒక్కటే చూస్తే కవరును కాల్చి కరెంటు తీయడం కన్నా పూడ్చిపెట్టడం మేలని తేలుతుంది! ఒక కొలమానాన్నే నమ్ముకుంటే ఎంత దూరం తప్పిపోతామో ఇది చూపిస్తుంది. మన యార్డులు అడుగున పొరలు వేసి, పైన కప్పి ఉంచిన గుంతలు కావు. ఎక్కువ భాగం ఆరుబయట గుట్టలే. వాటికి నిప్పంటుకుంటుంది. తక్కువ వేడిలో పొగలు కక్కుతూ కాలిన ప్లాస్టిక్ మసిని వదులుతుంది. పీవీసీ కలిస్తే డయాక్సిన్ల (క్లోరిన్ ఉన్న వస్తువులు సరిగా కాలనప్పుడు పుట్టే విష పదార్థాలు) ప్రమాదం ఉంది. కొలిమిలో అయినా, వీధి మూలలో అయినా కాలింది అదే కవరు. వేడి, గాలి, పొగను శుద్ధిచేసే ఏర్పాటు వేరు. వీధిలో చెత్త కాల్చడం ఏ లెక్కలో చూసినా అట్టడుగునే ఉంటుంది.

రీసైక్లింగ్‌కు కూడా కార్బన్ లెక్కకు అందని మచ్చ ఒకటి ఉంది. ముక్కలు చేసి కడిగేటప్పుడు సన్నని ప్లాస్టిక్ నలుసులు నీళ్ళలో కలుస్తాయి. 2023లో బ్రిటన్‌లో ఒక రీసైక్లింగ్ ప్లాంటు వాడిన నీటిని పరిశోధకులు పరీక్షించారు. వడపోత లేకపోతే ప్లాంటుకు వచ్చిన ప్లాస్టిక్ బరువులో 13 శాతం దాకా ఇలా పోగలదని, వడపోత పెట్టాక అది 6 శాతానికి తగ్గిందని అంచనా కట్టారు. అది ఆధునిక ప్లాంటు. వాడిన నీటిని నేరుగా కాలువలోకి వదిలే యూనిట్ ఎక్కడ ఉన్నా, అది ఘన వ్యర్థాన్ని నీటి వ్యర్థంగా మారుస్తోందనే చెప్పాలి. వడపోత, నీటిని తిరిగి వాడే తొట్టి లేని చోట రీసైక్లింగ్‌కు పూర్తి మార్కులు వేయకూడదు.

పాల కవరుకు వచ్చిన జవాబు అన్ని ప్లాస్టిక్‌లకూ వర్తించదు. నీళ్ళ సీసాను చూడండి. సీసా అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటుంది. అది పెట్ ప్లాస్టిక్. సీసాను మూతతో సహా ముక్కలు చేసి నీళ్ళలో వేస్తే, నీటికన్నా బరువైన పెట్ మునుగుతుంది. తేలికైన మూత ముక్కలు తేలతాయి. వేరు చేయడం అంత సులువు. దానికి ధర ఉంది కాబట్టి రోడ్డు మీద సీసా ఎక్కువసేపు పడి ఉండదు. ఎవరో ఒకరు ఏరుకుంటారు. కొత్త పెట్‌తో పోలిస్తే రీసైకిల్ చేసిన పెట్ వెనక కార్బన్ మూడింట రెండొంతులు తక్కువని అమెరికా పరిశ్రమ చేయించిన మదింపులో తేలింది. మన దగ్గర ఈ సీసాలు ఎక్కువగా పాలియెస్టర్ దారంగా మారుతున్నాయి. సీసా మళ్ళీ సీసా అయితే ఇంకోసారి తిరుగుతుంది. చొక్కా అయితే అక్కడితో దాదాపు ఆగుతుంది.

చిప్స్ ప్యాకెట్ దీనికి పూర్తిగా ఎదురు. రెండు మూడు రకాల ప్లాస్టిక్ పొరలు, మధ్యలో పలుచని అల్యూమినియం పూత. ఆ పొరలే చిప్స్‌ను కరకరలాడేలా ఉంచుతాయి. ఆ పొరలే దాన్ని విడదీయరానిదిగా చేస్తాయి. పాత సామాన్ల దుకాణంలో దానికి ధర లేదు. ఏరుకునేవాళ్ళు కూడా వదిలేస్తారు. ప్రస్తుతానికి దానికి సిమెంటు కొలిమే తగిన దారి. ఇక్కడ కొలిమిని నిందించాల్సిన పని లేదు, ఎందుకంటే అంతకన్నా మెరుగైన దారి ఇప్పుడు అందుబాటులో లేదు. పొరలన్నీ ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసే ప్యాకెట్లు వస్తే ఈ జవాబు మారుతుంది.

రోడ్లలో ప్లాస్టిక్ కలపడం మన దేశంలోనే రూపుదిద్దుకున్న పద్ధతి. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ దీన్ని అభివృద్ధి చేశారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వేడి కంకర మీద ప్లాస్టిక్ ముక్కలు చల్లితే కరిగి పూతలా అంటుకుంటాయి. తర్వాత తారు కలుపుతారు. ఒక వరస రోడ్డు కిలోమీటరుకు సుమారు టన్ను ప్లాస్టిక్ పడుతుంది; అంతే తారు ఆదా అవుతుంది. తారు తయారీ వెనక కార్బన్ ప్లాస్టిక్ తయారీ కన్నా బాగా తక్కువ. కాబట్టి ఆ ఆదా చిన్నదే. అసలు మేలు రోడ్డు ఎక్కువ కాలం నిలిస్తేనే. చక్రాల రాపిడికి అందులోంచి నలుసులు ఎంత లేస్తాయన్నది కూడా లెక్కలో చేరాలి. మంచి కవర్లను ఇందులో వేయడం కన్నా, దుకాణం వద్దన్న వాటిని వేయడం సబబు.

గాలి తగలకుండా వేడిచేసి ప్లాస్టిక్‌ను నూనెగా మార్చే పైరాలసిస్ గురించి ఒక్క మాట చాలు. ఆ నూనె మళ్ళీ ప్లాస్టిక్ ఫ్యాక్టరీకి పోతే అది రీసైక్లింగ్. బాయిలర్‌లో పోసి కాలిస్తే అది ఇంధనం. ఎవరైనా ఈ ప్లాంటును చూపించి రీసైక్లింగ్ అంటే, నూనె ఎవరు కొంటున్నారో అడగాలి.

ఇంత చేసినా మదింపు పట్టికలో ఎక్కనివి ఉన్నాయి. ఆవు కడుపులో చేరిన కవర్ల ముద్ద టన్నుల కార్బన్‌లో కనిపించదు. వానాకాలం నాలాకు అడ్డుపడి బస్తీలోకి నీళ్ళు తెచ్చిన కవరూ కనిపించదు. పర్యావరణంలో చెల్లాచెదురైన ప్లాస్టిక్‌ను ఈ పద్ధతిలోకి తేవడం ఇప్పుడిప్పుడే మొదలైంది. చేతి తొడుగులు లేకుండా తడి చెత్తలోంచి కవర్లు ఏరేవారి చేతులు కూడా ఆ పట్టికలో లేవు. పైన మనం లెక్కేసిన టన్ను మేలు మొదలయ్యేది వాళ్ళ దగ్గరే. పొడి చెత్త విడిగా అందితే వాళ్ళకు దొరికే ధర పెరుగుతుంది, గాయాలు తగ్గుతాయి.

కాబట్టి రేపు పొద్దున పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా తెంచేయకండి. చిన్న గాటు పెడితే చాలు. ఆ ముక్క కవరును అంటిపెట్టుకునే ఉంటుంది. విడిపోయిన మూలను ఏ యంత్రమూ, ఏ చెయ్యీ ఏరలేదు. ఖాళీ అయిన కవరులో రెండు చెంచాల నీళ్ళు పోసి తొలిచి, ఆ నీళ్ళు కూడా పాలగిన్నెలోనే వంపేయండి. కవరును ఆరబెట్టి, నెల రోజులవి కలిపి పాత సామాన్ల దుకాణంలోనో, పొడి చెత్త తీసుకునే వారికో ఇవ్వండి.